పొగమంచు వెనుక అడవి

చలికాలంలో తెల్లవారకముందే నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేవారికి ఒక దృశ్యం పరిచితమే. మలుపు దగ్గర మోటారు సైకిళ్లు ఆగి వుంటాయి. ముక్కాలి స్టాండ్లమీద కెమేరాలు ఎదురుచూస్తూ వుంటాయి. లోయలోనుంచి మంచు లేస్తుంది. టేకు మానులు స్తంభాలవలె నిలబడతాయి. కొమ్మల సందుల్లోనుంచి ఒక వాలుకిరణం దిగుతుంది. ఆ క్షణం కోసమే వచ్చినవారు ఆ క్షణంలో మీట నొక్కుతారు. తరువాత ఆ చిత్రం క్యాలెండరుకు ఎక్కుతుంది, పోటీకి పోతుంది, ఏ హోటలు గోడమీదనో పెద్దదిగా వెలుస్తుంది.

ఆ చిత్రం అందంగా లేదని ఎవరూ అనలేరు. నేనూ అనను. కాని అందులో ఒక విశేషం వుంది. ఆకు కనబడదు. అంచు కనబడదు. ఏ చెట్టు ఏదో గుర్తుపట్టలేము. చెట్లన్నీ కలసి ఒక్క మెత్తని ముద్ద అవుతాయి. మనిషి జాడ అసలే వుండదు. ఈ మెత్తదనం మంచువల్ల వచ్చింది కొంత, ఫోటోగ్రాఫరు చేతివల్ల వచ్చింది కొంత. ఆ చేతివాటానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర వుంది. అది ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరం తీర్చింది, ఆదిలాబాదు, కరీంనగరం అడవుల విషయంలో ఏమి చూపి ఏమి దాచింది అనేది ఈ వ్యాసంలో పరిశీలించదలచుకొన్నాను. ఇది కెమేరా వున్నవారి సరదాకు సంబంధించిన చిన్న విషయమని కొట్టివేయడానికి వీలు లేదు. అడవి ఎవరిది అన్న ప్రశ్నకు మన కళ్లు ముందుగానే ఒక జవాబు నేర్చుకొని వుంటాయి. ఆ జవాబు నేర్పే బడులలో ఛాయాచిత్రం ఒకటి.

మొదట పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. మామూలు లెన్సు చేయవలసిన పని, అంచులనుంచి వచ్చే కిరణాలనూ నడుమనుంచి వచ్చే కిరణాలనూ ఒకే చోటికి చేర్చడం. మెత్తని బొమ్మకోసం చేసే లెన్సులో ఈ పనిని కావాలనే అసంపూర్ణంగా వదలివేస్తారు. అప్పుడు నడుమ ఒక స్ఫుటమైన బొమ్మ, దానిమీద వెలుగు చిందినట్లు మరొక మసక బొమ్మ పడతాయి. రంధ్రం పెద్దదిగా తెరిస్తే మసక హెచ్చుతుంది, చిన్నదిగా మూస్తే తగ్గిపోతుంది. అటువంటి లెన్సు కొనలేనివారు గాజుబిళ్లమీద వేజలీను రాస్తారు, పలచని మేజోడు గుడ్డ కడతారు, లెన్సుమీద ఊపిరి ఊది ఆవిరి చెదిరేలోపల బొమ్మ తీస్తారు. మానులు నిలువుగా వుంటాయి గనుక, మీట తెరచి వుంచి కెమేరాను కిందికీ పైకీ కదిపి, అడవిని నిలువు చారలుగా మార్చేవారూ వున్నారు. 1980 దశకంలో మైకేల్ ఆర్టన్ అనే ఫోటోగ్రాఫరు మరొక పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. ఒకే దృశ్యాన్ని రెండు స్లయిడులమీద, ఒకసారి స్ఫుటంగా, ఒకసారి ఫోకసు తప్పించి, రెండింటినీ వెలుగు ఎక్కువగా ఇచ్చి తీయడం, తరువాత ఆ రెండింటినీ ఒకదానిమీద ఒకటి అతికించడం. ఇవాళ కంప్యూటరుమీద ఈ పని ఒక మీటను ఎడమవైపు జరిపినంత తేలిక.

ఇంతకూ చెట్టుమీదనే ఈ మోజు ఎందుకు? ఆకుల గుబురులో వేలకొద్దీ చిన్న వెలుగు మచ్చలుంటాయి. ప్రతి మచ్చా పక్క ఆకుమీదికి చింది దాని అంచును మింగుతుంది. గోడనో రాతినో మెత్తగా తీస్తే అది తప్పు తీసిన బొమ్మలాగ కనబడుతుంది. చెట్టును మెత్తగా తీస్తే కలలాగ కనబడుతుంది. అందుకనే ఈ శిల్పానికి చెట్టు మొదటినుంచీ ముడిసరుకు అయింది. అయితే ఆకు పోయినప్పుడు దానితోపాటు చెట్టు పేరు పోతుంది. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ, పొనికి, ఇవేవీ మిగలవు. పేరులేని "చెట్టు" ఒక్కటే మిగులుతుంది. ఈ మాట పాఠకులు జ్ఞాపకం వుంచుకోవాలి. తిరిగి దీనికే వస్తాను.

ఈ మెత్తదనం ప్రతిఘాతుకుల సృష్టి అని మొదటినుంచే తీర్పు చెప్పడం చరిత్ర తెలియనివారి పని. 1860 దశకంలో ఇంగ్లండులో జూలియా మార్గరెట్ కామెరన్ ముఖచిత్రాలను కావాలనే ఫోకసు కొంచెం తప్పించి తీసినప్పుడు, ఆమెకు పని రాదని ఫోటోగ్రాఫర్లే ఎగతాళి చేశారు. 1889లో పీటర్ హెన్రీ ఎమర్సన్ "సహజవాద ఛాయాగ్రహణం" అన్న గ్రంథం ప్రకటించాడు. ఎమర్సన్ వాదం శాస్త్రీయమైనదిగా కనబడుతుంది. మనిషి కన్ను ఒక దృశ్యంలో అన్నిటినీ ఒకే స్ఫుటత్వంతో చూడదు, చూస్తున్న వస్తువు తేటగా వుంటుంది, తక్కినవి మెత్తబడతాయి, ఫోటో కూడా అట్లాగే వుండాలి. అంటే మెత్తదనం మొదట వచ్చింది సత్యం పేరుతోనే. పైగా ఎమర్సన్ నార్ఫోక్ ప్రాంతపు బురద నేలల్లో తీసిన చిత్రాలనిండా రెల్లు కోసేవారు, పడవలు లాగేవారు, చేపలు పట్టేవారు వున్నారు. ప్రకృతినుంచి శ్రమను తీసివేయాలని అతనికి తోచలేదు. రెండేళ్లు తిరగకముందే తన వాదాన్ని తానే ఉపసంహరించుకొన్నాడు. కాని అప్పటికే బాణం విల్లు వదలిపోయింది.

1890లో జార్జి డేవిసన్ లెన్సు లేకుండా, సూదిబెజ్జం గుండా ఒక ఉల్లితోటను తీశాడు. బొమ్మ అంతా సమానంగా మసక. ఇక్కడినుంచి కన్ను ఎట్లా చూస్తుందన్న ప్రశ్న వెనుకబడి, మనసుకు ఏమి తోస్తుందన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 1892లో లండనులో "లింక్డ్ రింగ్" అనే కూటమి, 1902లో న్యూయార్కులో స్టీగ్లిజ్ నాయకత్వాన "ఫోటో సెసెషన్" ఏర్పడ్డాయి. లెన్సుతోనే ఆగక, గమ్ బైక్రోమేటు, 1907 తరువాత బ్రోమాయిల్ వంటి పద్ధతులతో కాగితంమీద కుంచెతో రంగు అద్ది ఫోటోను చిత్తరువుగా మార్చారు. 1904లో ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన చెరువు, చెట్ల సందున వెన్నెల, ఈ శాఖకు శిఖరం. 2006లో ఆ చిత్రపు ఒక ప్రతి న్యూయార్కు వేలంలో 29 లక్షల డాలర్లకు పైగా పలికింది.

దీనికి సాంఘిక కారణం ఏమిటి? 1888లో ఈస్ట్‌మన్ కంపెనీ కోడక్ పెట్టె కెమేరాను మార్కెట్టులోకి దింపింది. మీట నొక్కితే చాలు, తక్కిన పని కంపెనీదే. అంతవరకు తీరికా డబ్బూ వున్నవారికి మాత్రమే దక్కిన విద్య గుమాస్తాలకు, దుకాణదారులకు కూడా దొరికింది. అప్పుడు తమది యంత్రం పని కాదని, చేతిపని అని, ప్రతి ప్రతీ వేరువేరు అని చూపుకోవలసిన అవసరం "కళాకారుల"కు ఏర్పడింది. కుంచె గీతా మసకా ఆ అవసరంలోనుంచి పెరిగాయి. మరొకవైపు ఫ్యాక్టరీ పొగతో నిండిన నగరానికి పొగలేని పల్లె, చెమటలేని చెట్టు కావలసి వచ్చాయి. కళ పరిశ్రమనుంచి పారిపోయింది, కాని పరిశ్రమ లాభాలతోనే బతికింది.

అయితే గతితర్కం ఇంత సరళంగా నడవదు. ఉల్లితోటను మసకగా తీసిన ఆ డేవిసనే తరువాత బ్రిటనులో కోడక్ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరు అయ్యాడు. సోషలిస్టు, అరాజకవాద ఉద్యమాలకు అండగా నిలచిన కారణంగా 1910 దశకం ఆరంభంలో ఆ కంపెనీనుంచి తప్పుకోవలసి వచ్చింది. మసక బొమ్మ తీసినవాడు తిరోగామి, తేట బొమ్మ తీసినవాడు పురోగామి అనే లెక్క డేవిసన్ దగ్గరే తప్పుతుంది.

ఈ శిల్పం మన దేశానికి వచ్చిన తోవ వేరు. 1863నుంచి 1870 వరకు ఇక్కడ తిరిగిన సామ్యూల్ బోర్న్ పదుల కొద్దీ కూలీల భుజాలమీద గాజు పలకలు, మందు సీసాలు మోయించుకొని హిమాలయాలు ఎక్కాడు. అతడు వెదకినది ఇంగ్లీషు తైలవర్ణ చిత్రాలలోని సుందర దృశ్యం. చెట్టు ఒక పక్క, నీరు నడుమ, కొండ వెనుక. మన మర్రి, దాని ఊడలు ఆ కాలపు ఇంగ్లీషు ఫోటోగ్రాఫర్లకు అభిమాన వస్తువు. ఆ ఊడల నీడలో ఏమి జరిగిందన్నది వారి ఆల్బములకు అక్కరలేని ప్రశ్న.

హైదరాబాదు రాజ్యంలో ఈ విద్యకు పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు సంస్థానంలో ఉద్యోగం చేసిన ఆయన 1880 దశకం మధ్యలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు అయ్యాడు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు, 1905లో మరణించాడు. దీన్‌దయాళ్ మెత్తదనాన్ని వెదకినవాడు కాడు. ఇంజనీరు చూపు ఆయనది. అయినా ఆనాటి పాత చిత్రాలు చూసేవారికి చెట్ల కొమ్మలు చెదిరి, దూరపు కొండలు తెల్లని ఆకాశంలో కరిగి కనబడితే దానికి కారణం కవిత్వం కాదు. ఆనాటి పలకలు నీలికాంతికే ఎక్కువగా స్పందించేవి. దూరపు నీలిపొగ తెల్లగా పడేది, ఆకుపచ్చ నల్లబడేది. పలక వెలుగు తాగేలోపల గాలికి ఆకు కదిలేది. తరువాతి కాలంవారు కోరి తెచ్చుకొన్న మసక పూర్వులకు తప్పనిసరి లోపం. ఒక తరం పరిమితి మరొక తరానికి అలంకారం కావడం సాహిత్యంలోనూ మనం ఎరిగినదే.

1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ అడవిలో పులిని చంపి దానివెనుక నిలబడిన చిత్రం దీన్‌దయాళ్ పేరుతోనే లోకానికి తెలుసు. అందులో పులి తేట, దొర తేట, దొరసాని తేట. అడవి మాత్రం వెనుక తెర. ఆ అడవిలో పులిని తరిమి తెచ్చిన చేతులు ఎవరివో ఆ చిత్రం చెప్పదు. కనుక మనిషిని మాయం చేయడానికి మసక లెన్సు అక్కరలేదు. కెమేరాను ఎటు తిప్పామన్నదే చాలు. ఈ రెండవ పాఠాన్ని కూడా పాఠకులు గమనించాలి.

ఇప్పుడు మన అడవికి వద్దాం. నిర్మల్ దగ్గర ఒక మర్రి వుండేది. బ్రిటిషు, నిజాం సైన్యాలతో పోరాడిన రాంజీ గోండునూ అతని అనుచరులనూ 1860లో దానికి ఉరితీశారని ఈ ప్రాంతం చెప్పుకొంటున్నది. అందువల్లనే దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరు. ఆ చెట్టు 1995లో గాలివానకు కూలిపోయిందని చెబుతారు. ఆ మర్రిని ఊడల అందం కోసం మసకగా తీసిన చిత్రం ఒకటి వుందనుకొందాం. ఆ చిత్రం అబద్ధం చెప్పదు. కాని నిజం కూడా చెప్పదు. చరిత్ర తెలిసినవారికి ఆ చెట్టులో ప్రతి కొమ్మకూ ఒక బరువు వుంది. ఆ బరువు తీసివేస్తేనే కొమ్మ గాలిలో తేలుతుంది.

19వ శతాబ్దం చివరి భాగంనుంచి నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు గీసి రిజర్వు చేయడం మొదలుపెట్టింది. 1929లో కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తి అయింది. రైలు వెంట వ్యాపారి వచ్చాడు, పట్టాదారు వచ్చాడు, కలప డిపో వచ్చింది. తరతరాలుగా చోటు మార్చి సేద్యం చేసే గోండులూ కొలాములూ తమ నేలమీదనే ఆక్రమణదారులు అయ్యారు. హద్దులోపల మిగిలిన ఊళ్లను అటవీ సిబ్బంది తగలబెట్టారు. ఆ కడుపుమంటలోనుంచి లేచినవాడు కొమురం భీం. 1940లో జోడేఘాట్ కొండమీద ఆయన నేలకొరిగాడు. నీరూ అడవీ నేలా మావే అన్నది ఆయన పేరుతో నిలచిపోయిన నినాదం.

ఆ తిరుగుబాటు అణగారిన మరుసటి ఏటినుంచి ఈ అడవిలో తిరిగిన కెమేరా ఒకటి వుంది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చి శత్రుదేశపు పౌరుడుగా ఇండియాలో చిక్కుకొని, హైదరాబాదు రాజ్యంలో పనిచేయడానికి అనుమతి పొందాడు. మార్లవాయి గ్రామంలో కాపురం పెట్టాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలయింది. 1948లో ఆదిలాబాదు రాజ్‌గోండులపై ఆయన గ్రంథం వెలువడింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో గిరిజనుల మొరలు వినే దర్బారు కూడా ఆ 1940 దశకంలో వచ్చినదే. ఆయన భార్య బెట్టి 1987లో కన్నుమూయగా మార్లవాయిలోనే సమాధి చేశారు.

హైమెండార్ఫ్ తీసిన చిత్రాలు ఇప్పుడు లండను విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో వున్నాయి. వాటిలో ముఖాలు తేటగా వున్నాయి. చేను వుంది, గుడిసె వుంది, డోలు వుంది, పండుగ వుంది. అడవి ఆ మనుషుల వెనుక నిలబడి వుంది, వారిని మింగలేదు. ఆయన కూడా రాజ్యం పంపగా వచ్చినవాడే. తిరుగుబాటు మళ్లీ రాకుండా చూడాలన్న ప్రభుత్వ అవసరం ఆ పరిశోధన వెనుక లేకపోలేదు. దూరంనుంచి వచ్చిన పండితుడు ఒక జాతిని కాలంలో కదలనిదిగా చూసే ప్రమాదమూ లేకపోలేదు. అయినా ఆయన నివేదికలు భూమి అన్న మాటను దాచలేదు. బొమ్మలో మనిషి ముఖం తేటగా వుండడానికీ నివేదికలో భూమి సంగతి తేటగా వుండడానికీ సంబంధం వున్నదని నా అభిప్రాయం.

దీనికి పక్కన సెలూను చిత్రకళను పెట్టి చూడండి. 1937లో బొంబాయిలో భారత ఫోటోగ్రఫీ సంఘం, 1950 దశకం ఆరంభంలో అఖిల భారత సమాఖ్య ఏర్పడి పోటీల సంప్రదాయం దేశమంతా పాకింది. జహంగీర్ ఉన్వాలా వంటి నిపుణులు బ్రోమాయిల్ పద్ధతిని ఇక్కడ ఎంతో ఎత్తుకు తీసుకుపోయారు. వారి నైపుణ్యానికి చేతులెత్తవలసిందే. కాని పోటీకి ఒక వ్యాకరణం ఏర్పడింది. మంచు, ఎదురు వెలుగు, ఎద్దుబండి, ధూళి, ఒంటరి చెట్టు. బండి ఎవరిది, ఆ పొలానికి కౌలు ఎంత అన్న ప్రశ్నలు ధూళిలో కలసిపోయాయి. సరిగా ఆ కాలానికి కొంచెం ముందు, 1943 బెంగాలు కరువులో, కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి. సి. జోషి వెంట తిరిగి సునీల్ జానా తీసిన చిత్రాలు "పీపుల్స్ వార్" పత్రికలో అచ్చయ్యాయి. మన దేశంలో కెమేరా అందానికి కాక సాక్ష్యానికి నిలబడిన ఘట్టాలలో అది ముఖ్యమైనది. ఆ జానాయే తరువాత దేశమంతటా ఆదివాసులను ఎంతో లాలిత్యంతో తీశాడు. ఒకే చేయి రెండు పనులూ చేసింది.

మరి స్ఫుటత్వమే మందు అనుకొందామా? 1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైనవారు "ఎఫ్ 64" అనే కూటమి పెట్టి మసకమీద యుద్ధం ప్రకటించారు. లెన్సు రంధ్రాన్ని అతి చిన్నది చేసి, ముందున్న రాయినుంచి దూరపు శిఖరం వరకు అన్నీ తేటగా తీశారు. ఆడమ్స్ తీసిన యోసెమిటీ లోయలో పైన్ చెట్టు సూదులు లెక్కపెట్టవచ్చు. కాని 1851లో సాయుధ దళం వచ్చి ఆ లోయనుంచి వెళ్లగొట్టిన ఆదివాసులు ఆ తేట చిత్రాలలోనూ లేరు. 1928లో జర్మనీలో రెంగర్ పాట్ష్ "ప్రపంచం సుందరమైనది" అన్న పేరుతో స్ఫుటమైన చిత్రాల సంపుటి వేసినప్పుడు, ఆ ధోరణిమీద వాల్టర్ బెన్యమిన్ 1934లో చేసిన విమర్శ మనకు ఇప్పటికీ పనికివస్తుంది. నాజూకైన ఫోటో పేదరికాన్ని సైతం ఆస్వాదించే వస్తువుగా మార్చగలదని ఆయన హెచ్చరిక. ఆ హెచ్చరిక మసకకు ఎంత వర్తిస్తుందో తేటకూ అంతే వర్తిస్తుంది.

ఇప్పుడు మొదట వదలిన మాటకు వస్తాను. మెత్తని చిత్రంలో పేరులేని "చెట్టు" మిగులుతుందన్నాను. అడవిలో బతికేవారికి పేరులేని చెట్టు అనేది లేదు. ఇప్ప అంటే ఎండకాలపు తిండి, సారా, నూనె. అందుకనే పోడు కొట్టేటప్పుడు కూడా ఇప్పచెట్టును వదలిపెడతారు. తునికి అంటే ఏప్రిల్, మే నెలల కూలి. ఆ ఆకు కట్టలుగా కదలి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల ఇళ్లలో ఆడవారి వేళ్లమధ్య బీడీ అవుతుంది. మోదుగ అంటే విస్తరి. పొనికి అంటే నిర్మల్ బొమ్మ. వెదురు అంటే ఒకరికి బుట్ట, మరొకరికి కాగితం. 1938లో స్థాపితమై 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు కాగితపు మిల్లు ఈ వెదురుతోనే పెరిగింది. దానివల్లనే కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. చెట్టు పేరు పలకడమంటే అది ఎవరి చేతిలో ఏమవుతుందో పలకడం.

మరొక వైపు కలప వ్యాపారి కూడా అడవిని పేరులేనిదిగానే చూశాడు. టేకు ఒక్కటే చెట్టు, తక్కినదంతా చెత్త. అడవి నరికి వరుసలు తీసి టేకు నాటిన ప్లాంటేషన్లు ఆ చూపుకు ఫలితం. విచిత్రం ఏమంటే, పొగమంచులో స్తంభాలవలె కనబడే ఆ సమానమైన మానుల వరుసను ఫోటోగ్రాఫరు "ఆదిమ అరణ్యం" అని మురిసిపోతాడు. అతని కళ్లముందున్నది రెవెన్యూ లెక్క. మెత్తదనం దానిని కలగా మార్చింది. సౌందర్యవాది చెట్టూ వ్యాపారి చెట్టూ ఎదురెదురుగా నిలబడినట్లు కనబడతాయి గాని, రెండూ ఒకే అమూర్తభావానికి పుట్టిన కవలలు. ఒకదానిలో శ్రమ మంచులో కరిగింది, మరొకదానిలో ధరలో కరిగింది.

తెలుగు పాఠం చెప్పేవాడిని గనుక ఒక పోలిక చెప్పకుండా వుండలేను. 1925లో "కృష్ణపక్షం" వచ్చిన కాలానికి భావకవి అడవిలో కరిగిపోవాలనుకొన్నాడు. అందులో కొత్తదనం లేకపోలేదు. ప్రబంధాల వర్ణనలలో అరిగిపోయిన చెట్టుకు అది మళ్లీ ప్రాణం పోసింది. వ్యక్తి హృదయానికి విలువ తెచ్చింది. కాని కొంతకాలానికి ఆ కరగడమే ఆచారమయింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు కలిసేనాటికి ఆ పలుకుబడి పాతబడిపోయింది. ఎమర్సన్ మెత్తదనం సెలూను మెత్తదనంగా దిగజారిన కథే ఇది. కొత్త సత్యం పాత మర్యాద కావడానికి ముప్ఫై ఏళ్లు చాలు.

కరీంనగరం గడ్డమీద ఈ రెండు కళలూ ఒక మనిషిలో కలిశాయి. జగిత్యాలలో పుట్టిన అలిశెట్టి ప్రభాకర్ చిత్రకారుడు, ఫోటోగ్రాఫరు, కవి. మొదట్లో పత్రికలకు ప్రకృతి దృశ్యాలు, సినీనటుల బొమ్మలు గీసేవాడు. జగిత్యాలలోని "సాహితీమిత్ర దీప్తి" స్నేహం ఆయనను కవిత్వంవైపు తిప్పింది. బతుకుతెరువుకు 1976లో జగిత్యాలలో పూర్ణిమ, 1979లో కరీంనగరంలో శిల్పి, 1983లో హైదరాబాదులో చిత్రలేఖ అనే స్టూడియోలు పెట్టాడు. నడుమ 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడే ఆయన "ఎర్ర పావురాలు" వచ్చింది, మరుసటి ఏడు "మంటల జెండాలు". క్షయవ్యాధితో 1993 జనవరి 12న కన్నుమూశాడు.

ఆ రోజుల్లో స్టూడియో పని అంటే ఏమిటో తెలిసినవారికి ఒక సంగతి తట్టుతుంది. నెగటివుమీద పెన్సిలుతో మచ్చలు మూయడం, ముడతలు తుడవడం, ముఖాన్ని మెత్తబరచడం ఆ వృత్తిలో కూటికి సంబంధించిన విద్య. పగలు ముఖాలు మెత్తబరచవలసిన వృత్తిలో వున్న మనిషి కవితలో ఒక్క అక్షరాన్నీ మెత్తబరచలేదు. ఆయన చిన్న కవితల పదును ఫోటోగ్రాఫరు పదును. అక్కరలేనిదంతా ఫ్రేము బయట, కావలసింది మాత్రం తేటగా. ప్రకృతి దృశ్యాలు గీసిన చేయి వాటిని వదలిపెట్టడం ప్రకృతిమీద కోపంతో కాదని, ఆ దృశ్యంలో లేని మనుషులు ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడినందువల్లనని నాకు తోస్తుంది.

అయితే చెట్టును తీయడం మానుకోవాలా? అట్లా అనేవారు మన సంఘాలలో ఒకప్పుడు వుండేవారు. వారితో నేను ఏకీభవించను. ఆదిలాబాదు చలి తెలంగాణమంతటా ప్రసిద్ధం. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ మంచు భౌతిక సత్యం. పొద్దున్నే చేనుకు పోయే కొలాం రైతు కూడా ఆ మంచులోనుంచే పోతాడు. అతని కంటికీ దూరపు చెట్టు మెత్తగానే కనబడుతుంది. కాని దగ్గరికి వచ్చేకొద్దీ అతనికి అది ఇప్ప అవుతుంది, మద్ది అవుతుంది, తాత పాతిన హద్దు అవుతుంది. పోటీ చిత్రం దగ్గరికి రాదు. తేడా మంచులో లేదు, ఆ నడకలో వున్నది. మసకలోనుంచి ఒక పేరువైపు, ఒక ముఖంవైపు, ఒక ప్రశ్నవైపు మనలను నడిపించే మెత్తదనం సత్యానికి తోడు. నడక ఆపి అక్కడే నిద్రపుచ్చే మెత్తదనం యజమానికి తోడు.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. కవ్వాల అడవి 1965లో అభయారణ్యం, 2012లో పులుల రిజర్వు అయింది. పులి బతకాలి, అందులో సందేహం లేదు. కాని మనిషి లేని అడవే అసలు అడవి అన్న నమ్మకం మన మధ్యతరగతిలో ఎక్కడనుంచి బలపడింది? గోడమీది క్యాలెండరుకు అందులో పాత్ర లేదని చెప్పగలమా? 2006లో అటవీహక్కుల చట్టం వచ్చింది. అయినా 2019 జూన్‌లో కాగజ్‌నగర్ వైపు కొలాంగొందినుంచి వెళ్లగొట్టిన కొలాం కుటుంబాలను వేంపల్లి కలప డిపోలో వుంచారు. వారిని విడిపించడానికి హైకోర్టు కలుగజేసుకోవలసి వచ్చింది. మానులు వుండవలసిన చోట మనుషులు. ఈ వాక్యానికి ఏ మసక లెన్సూ తగిలించలేము.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన నేలకు అనతిదూరంలోనే కేస్లాపూర్ వుంది. ఏటా పుష్యమాసంలో మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లు మోసుకొని కాలినడకన వచ్చి అక్కడి మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. అది చలికాలం, తెల్లవారుజామున మంచు వుంటుంది, వంట పొయ్యిల పొగా వుంటుంది. కెమేరా వున్న మన విద్యార్థులు ఘాటు మలుపు దగ్గర ఆగిపోక అక్కడిదాకా పోవాలని నా కోరిక. మర్రిని ఎంత మెత్తగానైనా తీయండి. దాని కింద పొయ్యి రాజేస్తున్న ముసలమ్మ ముఖంమీద మాత్రం ఫోకసు తప్పనీయకండి. తీసేముందు ఆమెను అడగండి, ఆ చెట్టు పేరు ఆమె భాషలో ఏమిటో కూడా అడిగి రాసుకోండి.